రూ. 49,999 పెట్టి కొన్న ట్రేడింగ్ కోర్సులో ఏముందో రాస్తున్నా, రిఫండ్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కృష్ణాతీరం (తెనాలి)
శుక్రవారం, రాత్రి 9:40

ఈ కోర్సు గురించి యూట్యూబ్‌లో వెతికితే అన్నీ పొగడ్తలే. పొగిడిన ప్రతి వీడియో కింద లింకు ఉంటుంది, ఆ లింకు మీద వాళ్ళకి కమిషన్ ఉంటుంది. అందుకే కొనబోయేవాళ్ళ కోసం లోపలి సరుకు ఇక్కడ రాస్తున్నా. పేరు రాయను, ఈ వేదిక నియమాలు ఒప్పుకోవు.

మొదట 99 రూపాయల వెబినార్. ఆదివారం పొద్దున మొదలై భోజనాల వేళ దాటేదాకా సాగింది. సగం టైమ్ కోర్సు అమ్మే ఆయనగారి జీవిత చరిత్ర: బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్, ఇంట్లో అప్పులు, ఆ తర్వాత కారు, విల్లా, దుబాయ్. మధ్యలో కాసేపు చార్టు. మిగతాదంతా అమ్మకం. అసలు ధర లక్షన్నర అట, లైవ్‌లో ఉన్నవాళ్ళకే 49,999 అట. స్క్రీన్ మీద పదిహేను నిమిషాల టైమర్. అది సున్నాకి వచ్చాక "చాలామంది రిక్వెస్ట్ చేస్తున్నారు" అని మళ్ళీ పదిహేను నిమిషాలు పెట్టారు.

ఇక కోర్సు. ధరల చార్టు చదివే పద్ధతులు: క్యాండిల్ ప్యాటర్న్స్, సపోర్ట్-రెసిస్టెన్స్, మూవింగ్ యావరేజ్, ఆర్‌ఎస్‌ఐ. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. ఊరించి ఊరించి చివర్లో ఇచ్చే 'సీక్రెట్ స్ట్రాటజీ' మాత్రం వేరే కథ. బ్యాంక్ నిఫ్టీ (బ్యాంకు షేర్ల సూచీ) వీక్లీ ఎక్స్‌పైరీ రోజు, అంటే ఆ వారం కాంట్రాక్టు గడువు ముగిసే రోజు, మధ్యాహ్నం తర్వాత చవగ్గా దొరికే ఆప్షన్ (సూచీ పెరుగుతుందనో తగ్గుతుందనో వేసే పందెం లాంటి కాంట్రాక్టు) కొని కూర్చోవడం, వస్తే హీరో లేకపోతే జీరో. నేను కోర్సు కొన్నది 2025లో. బ్యాంక్ నిఫ్టీకి వీక్లీ ఎక్స్‌పైరీ 2024 నవంబరులోనే తీసేశారు! అప్పుడే నిఫ్టీ లాట్ (ఒక కాంట్రాక్టులో ఉండే కనీస సంఖ్య) కూడా 25 నుంచి 75కి పెరిగింది, అంటే వీడియోలో "ఇంత డబ్బు చాలు" అని వేసిన లెక్క కూడా పనికిరాదు. ఇదే విషయం అడిగితే మెంటర్ ఇచ్చిన జవాబు: "కాన్సెప్ట్ పట్టుకోండి సర్, ఇండెక్స్ ఏదైతే ఏంటి."

'పర్సనల్ మెంటర్‌షిప్' అంటే వందల మంది ఉన్న టెలిగ్రామ్ గ్రూపు. లాభం వచ్చిందని పెడితే చప్పట్లు కొడతారు. నష్టం వచ్చిందని పెడితే కాసేపటికి మెసేజ్ ఉండదు.

రిఫండ్ అడిగితే "మీరు 40 శాతం పైగా వీడియోలు చూసేశారు, పాలసీ ప్రకారం కుదరదు" అన్నారు. చూడకుండా బాగోలేదని ఎలా తెలుస్తుందో వాళ్ళే చెప్పాలి. ఫీజు ఈఎంఐలో పెట్టించారు కాబట్టి ప్రతి నెలా ఐదో తారీఖున ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంది.

---

బెజవాడ బుల్
శుక్రవారం, రాత్రి 10:05

బ్రో, కోర్సు కొనగానే డబ్బులు రాలతాయనుకుంటే ఎలా? ఇంజనీరింగ్ కాలేజీకి లక్షలు కట్టి ఉద్యోగం రాకపోతే కాలేజీని తిడతామా? నేనూ ఇలాంటిదే ఒకటి చేశా. స్టాప్‌లాస్ (ఇంత నష్టం దాటితే ఆగిపోయే హద్దు) పెట్టడం, ఓవర్ ట్రేడింగ్ మానడం అక్కడే నేర్చుకున్నా. 90 శాతం మైండ్‌సెట్, 10 శాతమే స్ట్రాటజీ.

---

అమీర్‌పేట గల్లీ
శుక్రవారం, రాత్రి 10:11

కాలేజీని కూడా తిడతాం అన్నా. రోజూ తిడతాం.

---

లెక్కల మాస్టారు (రాజమండ్రి)
శుక్రవారం, రాత్రి 11:20

బుల్ గారూ, మైండ్‌సెట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క చూడండి. స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) మీద ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాలు, కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లు. వాళ్ళలో 93 శాతం మంది నష్టపోయారు, ఖర్చులతో కలిపి ఒక్కొక్కరికి సగటున దాదాపు 2 లక్షలు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి మిగిలింది 1 శాతం మందికే.

ఆ డబ్బు ఎటు పోయిందో కూడా అందులోనే ఉంది. 2023-24లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు (ప్రొప్రైటరీ ట్రేడర్లు) దాదాపు 33 వేల కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు 28 వేల కోట్లు స్థూల లాభం చూశాయి. ఆ లాభంలో 96, 97 శాతం అల్గారిథమ్‌లతో నడిచే వ్యాపారానిదే. మనవాడు సెల్‌ఫోన్‌లో గ్రీన్ క్యాండిల్ చూసి 'బై' నొక్కేది అలాంటి కంప్యూటర్ల మీద. మధ్యలో ఎక్స్ఛేంజీకి, బ్రోకర్‌కి, ప్రభుత్వానికి పోయేది వేరే. 2023-24లో ఈ ఖర్చులే ఒక్కొక్కరికి సగటున 26 వేలు.

ఇంకొక అంకె నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఈ ట్రేడర్లలో 72 శాతానికి పైగా దేశంలోని పెద్ద 30 నగరాలకు బయటివాళ్ళు. మా కాలేజీలో డిగ్రీ ఫైనలియర్ పిల్లలు క్లాసులో వెనక బెంచీల్లో కూర్చుని చూసేది క్రికెట్ స్కోరు అనుకునేవాడిని. చార్టులు చూస్తున్నారు.

---

బెజవాడ బుల్
శుక్రవారం, రాత్రి 11:34

అదే కదా మాస్టారూ, 93 మంది నేర్చుకోకుండా దిగారు, అందుకే పోయారు. నేర్చుకుని దిగితే ఆ 7 శాతంలో ఉంటాం.

---

లెక్కల మాస్టారు
శనివారం, ఉదయం 6:15

కోర్సు చేసినవాళ్ళంతా 7 శాతంలో ఉన్నారని చూపించే కాగితం ఒక్కటి తెచ్చి పెట్టండి, నేనే ముందు ఫీజు కడతాను. కోర్సులు అమ్మేవాళ్ళ దగ్గరే ఆ లెక్క లేదు. 'బాప్ ఆఫ్ చార్ట్' పేరుతో కోర్సులు అమ్మిన వ్యక్తి మీద సెబీ 2023 అక్టోబరులో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చదవండి. జనం నుంచి వసూలు చేసిన 17.2 కోట్లను స్వాధీనం చేసుకోమన్నారు. అందులో మరో సంగతీ ఉంది. 2021 జనవరి నుంచి 2023 జులై దాకా ఆయన సొంత ట్రేడింగ్‌లో దాదాపు 2.9 కోట్లు నష్టం. నేర్పేవాడి పరిస్థితే అది. 2025 డిసెంబరులో మహారాష్ట్రలోని మరో ట్రేడింగ్ అకాడమీ విషయంలోనైతే మధ్యంతర ఉత్తర్వులో స్వాధీనం చేసుకోమన్న సొమ్ము 546 కోట్లు.

ట్రేడింగ్‌లో అంత ఆదాయం ఉంటే ఆదివారం పూట మూడు గంటలు గొంతు చించుకుని 99 రూపాయల టికెట్ ఎందుకు అమ్ముతాడు? ఆయన ఆదాయం మన ఫీజే.

---

పాత కౌన్సెలర్ (హైదరాబాద్)
శనివారం, ఉదయం 10:50

మాస్టారు చెప్పింది నిజం. నేను మాదాపూర్‌లో ఇలాంటి కోర్సులు ఫోన్లో అమ్మే ఆఫీసులో పనిచేశాను. మాది ట్రేడింగ్ కాదు, 'ఆన్‌లైన్ బిజినెస్' కోర్సు. తంతు మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఇన్‌స్టా యాడ్ చూసి మీరు ఫారం నింపుతారు కదా. అందులో నెల ఆదాయం ఎంత, క్రెడిట్ కార్డు ఉందా, 'ఇప్పుడు మీ జీవితంలో పెద్ద సమస్య ఏంటి' అని అడుగుతారు. సమస్య అడిగేది తీర్చడానికి కాదు, అది మా స్క్రీన్ మీదకి వస్తుంది. వెబినార్‌లో మీరు ఎంతసేపు ఉన్నారు, ధర చెప్పే టైమ్‌కి ఉన్నారా, లింకు నొక్కి ఆగిపోయారా, అన్నీ కనిపిస్తాయి. ధర చెప్పాక కూడా ఉన్నవాళ్ళు 'హాట్ లీడ్'. వాళ్ళకి గంటలోపే ఫోన్ వెళ్ళాలి, వేడి తగ్గకముందే.

ఫోన్లో మొదట కోర్సు మాట ఎత్తకూడదు. అప్పులు ఎంత ఉన్నాయి, అమ్మానాన్నలకి ఏం చేయాలని ఉంది, అయిదేళ్ళ తర్వాత ఇదే జీతంలో ఉంటే ఎలా ఉంటుంది అని అడగాలి. అవతలివాళ్ళ గొంతు మారేదాకా వాళ్ళనే మాట్లాడనివ్వాలి. "ఇంట్లో అడిగి చెప్తా" అంటే దానికీ రాసిపెట్టిన జవాబు ఉంది: "ఇంట్లోవాళ్ళకి ఈ ఫీల్డ్ తెలుసా సర్? తెలియనివాళ్ళ సలహా తీసుకుంటారా?" డబ్బు లేదంటే రెండు వేలు టోకెన్ కట్టించి సీటు బ్లాక్ చేస్తాం. రెండు వేలు కట్టినవాడు అది పోకూడదని మిగతాదీ కడతాడు. తర్వాత లోన్ యాప్ లింకు పంపి, పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ అదే కాల్‌లో పూర్తి చేయిస్తాం. ఫైనాన్స్ కంపెనీ ఫీజు ఒకేసారి మాకు వేసేస్తుంది. అక్కడి నుంచి మీ అప్పు మీకూ వాళ్ళకీ మధ్య. కోర్సు బాగోలేదని మీరు ఏడ్చినా మా ఆఫీసుకి వచ్చే నష్టమేమీ లేదు.

ఒకటి కొన్నాక రెండోది. 99 తర్వాత 4,999, దాని తర్వాత 49,999, ఆపైన 'ఇన్నర్ సర్కిల్' అని లక్షల్లో. ఫలితం రాలేదన్నవాళ్ళ పేర్లు రిఫండ్ టీమ్‌కి వెళ్ళవు, పై కోర్సు అమ్మే టీమ్‌కి వెళ్తాయి. "బేసిక్‌లో అంతే వస్తుంది సర్, అసలు విషయం అడ్వాన్స్‌డ్‌లో ఉంది" అని మళ్ళీ మొదలు.

టెస్టిమోనియల్ వీడియోలు చాలావరకు చేరిన మొదటి వారంలోనే తీసుకుంటారు, అప్పుడైతే అందరూ హుషారుగా ఉంటారు. లాభాల స్క్రీన్‌షాట్ల గురించి చెప్పేదేముంది. బ్రౌజర్‌లో పేజీ తెరిచి అంకె మార్చడం ఎవరికైనా వచ్చు. అదీ అక్కర్లేకుండా నాలుగు ఖాతాల్లో నాలుగు రకాలుగా ట్రేడ్ వేసి, గెలిచిన దాన్నే చూపిస్తారు.

---

సిరిసిల్ల నేత
శనివారం, ఉదయం 11:15

అన్నా, ఇన్ని తెలిసి ఎట్ల చేసినవ్ ఆ పని?

---

పాత కౌన్సెలర్
శనివారం, ఉదయం 11:40

బీకాం అన్నా. 18 వేలు జీతం, పైన ఇన్సెంటివ్. ఆ ఫ్లోర్ మీద అందరం అంతే, టార్గెట్ కొట్టకపోతే నెలాఖరుకి బయటే. కోటీశ్వరులు కావడం నేర్పే ఆఫీసులో క్యాంటీన్ టీకి కూడా మా జేబులోంచే ఇచ్చేవాళ్ళం.

---

ఓరుగల్లు కోడలు
శనివారం, మధ్యాహ్నం 2:30

మీరంతా ట్రేడింగ్ గురించి మాట్లాడుతున్నారు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి తగిలేది వేరే రకం. 'పర్సనాలిటీ డెవలప్‌మెంట్, డిజిటల్ స్కిల్స్' అని ఒక ప్యాకేజీ, 6,999. కొన్నాక లోపల తెలిసింది ఏంటంటే, ఆ స్కిల్స్‌తో చేసే పని ఏమీ లేదు. అదే ప్యాకేజీని ఇంకొకరి చేత కొనిపిస్తే నాలుగు వేలు మనకి. అదే సంపాదన మార్గం.

గ్రూపులో పొద్దున్నే ఆర్డర్లు వస్తాయి. ఇవాళ స్టేటస్‌లో ఆదాయం స్క్రీన్‌షాట్ పెట్టాలి. రేపు కొత్త చీరలో ఫొటో పెట్టి 'నా సొంత డబ్బుతో' అని రాయాలి. ఫోన్ కాంటాక్టుల్లోంచి వందమంది పేర్లు లిస్టు రాయించారు, చుట్టాలు, క్లాస్‌మేట్స్, పిల్లల స్కూల్ వాట్సాప్‌లో తల్లులు. మా ఆడబిడ్డని చేర్పించాను. ఆమె ఎవరినీ చేర్పించలేకపోయింది. ఇప్పుడు ఆ 6,999 కంపెనీ తిన్నట్టు కాదు, నేను తిన్నట్టు మాట్లాడుతున్నారు అత్తగారింట్లో. దసరాకి వెళ్తే బతుకమ్మ దగ్గర పక్కన నిలబడలేదు ఆ పిల్ల.

---

కోర్టు మెట్లు (గుంటూరు)
శనివారం, సాయంత్రం 5:10

ఓరుగల్లు కోడలు గారూ, సరుకుతో పని లేకుండా మనిషిని చేర్చినందుకే డబ్బులిచ్చే పథకాల మీద 1978 నుంచే చట్టం ఉంది, ప్రైజ్ చిట్స్ అండ్ మనీ సర్క్యులేషన్ స్కీమ్స్ నిషేధ చట్టం. 2021 డిసెంబరు నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలను స్పష్టంగా నిషేధించాయి. కోర్సు అనే ముసుగు వేసినంత మాత్రాన తప్పించుకోలేరు. మీ గ్రూపు మెసేజీలు డిలీట్ చేయకండి. 1930కి ఫోన్ చేయండి లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మీ ఆడబిడ్డ పేరు కూడా బాధితుల్లో రాయించండి, ఇంట్లో కొంత చల్లబడుతుంది.

కృష్ణాతీరం గారూ, మీరు గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రావొచ్చు. 2019 చట్టం తర్వాత కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉండే చోటే కేసు వేసే వీలుంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు (ఇలా రాస్తే మా సీనియర్ తిడతారు). దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని కంపెనీలు ఆ దశలోనే దిగొస్తాయి.

మీ బలం ఎక్కడుందో చూడండి. "కోర్సు బాగోలేదు" అంటే అది మీ అభిప్రాయం అంటారు. "కొన్న నాటికి మార్కెట్‌లో లేని వీక్లీ కాంట్రాక్టుని ప్రధాన పాఠంగా అమ్మారు" అనండి, అది రుజువు చేయగల సేవాలోపం. అయిపోయి మళ్ళీ మొదలైన టైమర్ కూడా పనికొస్తుంది. 2023 నవంబరులో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని మభ్యపెట్టే ఎత్తులు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 13 రకాల్లో మొదటిదే లేని తొందర పెట్టడం. స్క్రీన్ రికార్డింగ్ ఉందా?

వాళ్ళ లాయరు మొదట ఎత్తే పాయింట్ ఇది: "ఈయన లాభం కోసం కొన్నాడు, వాణిజ్య ప్రయోజనం, కాబట్టి వినియోగదారుడే కాదు." స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న సరుకుకి ఆ మినహాయింపు వర్తించదని చట్టంలోనే ఉంది, సేవకీ అదే సూత్రం వర్తించాలని మనం వాదించాలి. ఫిర్యాదులో ఆ ముక్క మొదటి పేరాలోనే రాయండి.

ఇంకొకటి, ఈఎంఐ ఆపేయకండి. కోపంతో ఆటో డెబిట్ రద్దు చేస్తే సిబిల్ దెబ్బతినేది మీదే. ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ పోర్టల్ ఉంది.

---

డల్లాస్ బాబాయ్
శనివారం, రాత్రి 8:25

ఇక్కడా ఇదే గోల. కాలిఫోర్నియాలోని ఆన్‌లైన్ ట్రేడింగ్ అకాడమీ మీద ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) 2020 ఫిబ్రవరిలో కేసు వేసింది. ఒక్కొక్కరి దగ్గర 50 వేల డాలర్ల దాకా తీసుకున్నారని ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో రాజీ కుదిరింది, ఆ కంపెనీకే ఫీజు బాకీ ఉన్న కస్టమర్లకి బాకీ మాఫీ చేసే అవకాశం వచ్చింది. అసంతృప్తి ఉన్నవాళ్ళు బయట రాయకుండా సంతకాలు పెట్టించుకున్నారన్నది కూడా ఆ కేసులో ఒక ఆరోపణే.

ఈమధ్య మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో హెచ్4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చే వీసా) మీద ఉన్న అమ్మాయిలకి 'అమెజాన్ స్టోర్ పెట్టిస్తాం' కోర్సు తిరుగుతోంది. నేర్పేదీ మనవాళ్ళే, వీకెండ్ జూమ్‌లో, పండగ ఆఫర్లతో సహా. కోర్సు డబ్బు ఒక ఎత్తు, వర్క్ పర్మిట్ లేకుండా వ్యాపారం నడిపితే వీసాకే చిక్కు వస్తుందన్న సంగతి ఆ జూమ్‌లో ఒక్కరూ చెప్పరు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండమ్మా.

---

నిర్వాహకులు
శనివారం, రాత్రి 9:02

"పోయిన కోర్సు ఫీజు తిరిగి ఇప్పిస్తాం, 10 శాతం ముందు కట్టండి" అంటూ ఒక కొత్త సభ్యుడు పెట్టిన పోస్టు తొలగించాం. ఇలాంటి ప్రైవేటు మెసేజీలు వస్తే మాకు పంపండి.

---

పాత కౌన్సెలర్
శనివారం, రాత్రి 9:20

అది ఊరికే రాలేదు. మా ఆఫీసులో లీడ్స్ షీటు (ఫారం నింపినవాళ్ళ పేర్లు, నంబర్ల జాబితా) ఉద్యోగం మానేసిన ప్రతివాడి పెన్‌డ్రైవ్‌లోనూ ఉండేది. ఒకసారి మోసపోయినవాళ్ళ జాబితాకే బయట రేటు ఎక్కువ. కృష్ణాతీరం అన్నా, మీకూ ఫోన్లు వస్తాయి, రెడీగా ఉండండి.

---

బెజవాడ బుల్
ఆదివారం, ఉదయం 9:30

సరే, అందరూ ఒకవైపే ఉన్నారు. ఒక్క మాట అడుగుతా. మరి నేర్చుకోవాలనుకున్నవాడు ఎక్కడికి పోవాలి? అన్ని కోర్సులూ మోసమేనా?

---

లెక్కల మాస్టారు
ఆదివారం, ఉదయం 10:45

మంచి ప్రశ్న. కంపెనీ బ్యాలెన్స్ షీటు ఎలా చదవాలి, మ్యూచువల్ ఫండ్ ఖర్చులు ఎలా చూడాలి అని నేర్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళ ప్రకటనలో మీరు నెలకు ఎంత సంపాదిస్తారో ఉండదు, అందుకే వాళ్ళకి వెబినార్లు నిండవు. సలహా ఇచ్చేవాడైతే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కి ఐఎన్‌ఏ అని, రీసెర్చ్ అనలిస్ట్‌కి ఐఎన్‌హెచ్ అని మొదలవుతుంది. నంబరు చెప్పగానే నమ్మకుండా సెబీ సైట్‌లో సరిచూసుకోండి. "మేం సలహా ఇవ్వం, చదువు మాత్రమే చెప్తాం" అంటే 2025 జనవరి నాటి సెబీ సర్క్యులర్ గుర్తుచేయండి. చదువు చెప్పేవాళ్ళు గడిచిన మూడు నెలల ధరలు వాడకూడదని అందులో ఉంది. లైవ్ మార్కెట్‌లో కాల్స్ ఇస్తూ 'ఎడ్యుకేషన్' అంటే కుదరదు.

---

కృష్ణాతీరం
ఆదివారం, రాత్రి 8:10

కోర్టు మెట్లు గారూ, నిన్న 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఇవాళ సెలవైనా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, ఇన్నాళ్ళూ ఉలకనివాళ్ళు! 'గుడ్‌విల్' కింద 30 శాతం వెనక్కి ఇస్తారట. బదులుగా ఈ విషయం ఎక్కడా రాయనని, ఇప్పటికే రాసినవి తీసేస్తానని సంతకం పెట్టాలట. లేదంటే అడ్వాన్స్‌డ్ కోర్సు ఉచితం. టైమర్ వీడియో నా దగ్గర లేదు, కానీ నాతో పాటు చేరిన నెల్లూరు కుర్రాడు ఫోన్‌లో రికార్డు చేశాడట, పంపిస్తానన్నాడు.

---

కోర్టు మెట్లు
ఆదివారం, రాత్రి 8:35

సంతకం పెట్టొద్దు. "30 శాతం ఇస్తామని మీరే ఒప్పుకున్నారు, పూర్తి సొమ్ము 15 రోజుల్లో ఇవ్వండి" అని జవాబు పంపండి. ఆ మెయిల్ హెడర్‌తో సహా పీడీఎఫ్ చేసి దాచండి. నెల్లూరు అబ్బాయిని కూడా విడిగా ఫిర్యాదు పెట్టమనండి, రెండు ఫిర్యాదుల్లో ఒకే టైమర్ ఉంటే బాగుంటుంది.

---

అమీర్‌పేట గల్లీ
ఆదివారం, రాత్రి 8:41

ఆ అడ్వాన్స్‌డ్ కోర్సు ఫ్రీగా తీసుకోండి అన్నా, అందులో ఇంకా ఏ సంవత్సరం ఎక్స్‌పైరీలు ఉన్నాయో చూద్దాం.

---

కొత్త సభ్యుడు_కడప
ఆదివారం, రాత్రి 10:15

థ్రెడ్ మొత్తం చదివాను సర్. నాకు వచ్చే ఆదివారం ఇలాంటి వెబినార్ ఒకటి ఉంది, 99 రూపాయలదే. కోర్సు కొనను, ఊరికే ఏం చెప్తారో చూద్దామని. చూడొచ్చా?

---

పాత కౌన్సెలర్
ఆదివారం, రాత్రి 10:22

చూడండి తమ్ముడూ. ఫోన్ నంబరు మాత్రం ఇవ్వకండి.

---

కొత్త సభ్యుడు_కడప
ఆదివారం, రాత్రి 10:24

నంబరు ఇవ్వకపోతే రిజిస్టర్ అవ్వట్లేదు సర్.

---

పాత కౌన్సెలర్
ఆదివారం, రాత్రి 10:25

అయితే చూడకండి.